అరవై అక్షరాల కుళ్ళు

నవంబర్ 22, శనివారం

ఆరేళ్లుగా మా మామయ్య బేకరీ వెబ్‌సైట్ టైటిల్ ‘హోమ్’. అంతే, ఆ ఒక్క మాట. గూగుల్‌లో నీలం అక్షరాలతో హోమ్ అని కనబడేది. ఎవరి హోమో, ఎక్కడి హోమో ఆ దేవుడికే తెలియాలి. ఆ సైట్ చేసింది ఎవరయ్యా అంటే నేనే. పదకొండేళ్లుగా ద్వారకానగర్ ఆఫీసులో కూర్చుని ఊరందరి పేజీలూ గూగుల్‌లో పైకి రావడానికి టైటిళ్లు రాసే ఎస్ఈఓ లీడ్ జాక్సన్.

మా ఆవిడ ఫ్లోరెన్స్ ఆగస్టు నుంచి అడుగుతూనే ఉంది. ఏటండీ, ఊళ్లో పళ్ల డాక్టర్లందరికీ రాస్తన్నారు, మా నాన్న షాపుకి ఒక్క లైను రాయలేరా అని. మామయ్యకి మోకాళ్లు పోయినప్పటి నుంచి బేకరీ నడిపేది తనే. రాస్తాలే అన్నాను. నిజంగానే రాద్దామనుకున్నాను. ఇంటి పని కదా, వెనక్కి పోయింది.

ఈ రోజు మధ్యాహ్నం తనే ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. టైటిల్ మారిపోయి ఉంది. ‘మీ కేక్ పిండి తెస్తే కాల్చి ఇస్తాం - మల్కాపురం బేకరీ’. ఎవరు రాశారన్నాను. సాయి రాసినాడు, పది నిమిషాల పనంట అంది. ఆ పది నిమిషాలన్న మాట కావాలనే అందని నా నమ్మకం.

సాయి అంటే సాయిశంకర్. నా టీమ్‌లో నా కింద పనిచేస్తాడు. ఆనందపురం దగ్గర పల్లెటూరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. మూడేళ్ల కిందట చేరినప్పుడు టైటిల్‌కీ హెడ్డింగ్‌కీ తేడా తెలియదు. నేర్పింది నేను. ముఖ్యమైన మాట ముందు పెట్టు, షాపు పేరు చివర పెట్టు, అరవై అక్షరాలు దాటితే గూగుల్ తోక కోసేస్తుంది, పేజీలో లేనిది టైటిల్‌లో పెట్టకు. అన్నీ నా మాటలే.

అక్షరాలు లెక్కపెట్టాను. యాభై రెండు. అరవై దాటి ఉంటే ఎంత బాగుండేది.

విజయరత్నం బేకరీ అని షాపు పేరు పెట్టలేదు చూడు అన్నాను ఫ్లోరెన్స్‌తో. నాన్న పేరు తెలిసినోళ్లు గూగుల్‌లో ఎందుకెతుకుతారండీ, సరాసరి వచ్చేత్తారు కదా అని లోపలికి వెళ్లిపోయింది.

నవంబర్ 23, ఆదివారం

చర్చి నుంచి రాగానే లాప్‌టాప్ తెరిచి కీవర్డ్ టూల్‌లో చూశాను. కేక్ పిండి కాల్చి ఇవ్వడం అని నెలకి ఎంతమంది వెతుకుతున్నారు? సున్నా. తెలుగులో సున్నా, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా సున్నా. ఎవరూ వెతకని మాటకి టైటిల్ రాయకూడదని వాడికి మొదటి వారంలోనే చెప్పాను. ప్రాణం లేచొచ్చింది. రెండు ప్లేట్లు బిర్యానీ తిన్నాను.

నవంబర్ 27, గురువారం

ఫోన్లు వస్తున్నాయి.

నవంబర్ 29, శనివారం

ఉక్కునగరం నుంచి నలుగురు వచ్చి వెళ్లారట. ఒకాయన స్టీల్ ప్లాంటులో బి షిఫ్టుకి వెళ్తూ నాలుగు టిన్నులు దించి, డ్యూటీ దిగేసరికి రాత్రవుతుంది, రేపు పొద్దున వచ్చి తీసుకుంటానన్నాడట. పెదగంట్యాడ నుంచి ఒకరు. సింధియా నుంచి ఒకరు. టూల్‌లో మాత్రం ఇప్పటికీ సున్నాయే.

వాడెలా రాశాడో ఈ రోజు తెలిసింది. ఎగ్ పఫ్ తినడానికని రెండు శనివారాలు బేకరీకి వచ్చి, ఫోన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడట. ఫోన్ మోగినప్పుడల్లా అవతలివాళ్లు ఏం అడిగారో అడిగినట్టే ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాడట. ఫ్లోరెన్స్ ఆ కాగితం చించి దాచుకుంది, నాకు చూపించింది. మా పిండి మేం తెత్తే కాల్సి ఇత్తారా. టిన్ను మీరిత్తారా మేమే తేవాలా. ఒక్క టిన్నయినా కాల్తారా. పదహారు లైన్లున్నాయి. పద్నాలుగు లైన్లు ఆ మొదటి ప్రశ్నే.

ఇది నాకు తెలియనిది కాదు. అదే నా ఏడుపు. చిన్నప్పుడు డిసెంబర్ వచ్చిందంటే మా అమ్మ గుడ్లూ వెన్నా పంచదారా గిలక్కొట్టి, రమ్ములో నానబెట్టిన ఎండుపళ్లు కలిపి, టిన్నులకి పోసి, పైన పేరు రాసిన చీటీ అంటించి నా నెత్తిన పెట్టేది. మా క్రైస్తవుల ఇళ్లన్నిటిలో అదే వరస. పిండి ఎవరిది వాళ్లది, నిప్పు బేకరీది. ఈ బేకరీకే వచ్చేవాణ్ణి. ఫ్లోరెన్స్‌ని మొదటిసారి చూసిందీ ఇక్కడే, నా టిన్ను మీద చీటీ కాలిపోయిందని నన్ను తిట్టింది.

ఆ టైటిల్ రాయాల్సింది నేను. పిండి డబ్బా ఎలా ఉంటుందో తెలియని వాడు రాశాడు. వాడింట్లో క్రిస్మస్ కూడా లేదు.

వాడి మీద నాకేం కోపం లేదు అని రాశాను. కొట్టేశాను. ఉంది.

నవంబర్ 30, ఆదివారం

ఇంకోటి. మూడేళ్లు నన్ను సార్ అన్నవాడు మొన్నటి నుంచి బావా అంటున్నాడు. ఫ్లోరెన్స్‌ని అక్కా అన్నాడు కాబట్టి నేను బావనైపోయానట. నన్నడిగి అక్కని చేసుకున్నాడా?

డిసెంబర్ 1, సోమవారం

ఆఫీసులో ప్రతి సోమవారం అరగంట టైటిళ్ల క్లాసు ఉంటుంది. తొమ్మిదేళ్లుగా చెప్పేది నేనే. ఈ రోజు మా ఓనర్ అర్జునరావు గారు ప్రొజెక్టర్ మీద మల్కాపురం బేకరీ పేజీ పెట్టించారు. టైటిలంటే ఇది, జనం అడిగినట్టు రాసినాడు సూడండి, టూల్ పట్టుకుని ఏలాడితే ఇలాంటిది వత్తాదేటి అన్నారు. ఆ బేకరీ మా మామయ్యదని ఆయనకి తెలియదు. సాయి చెప్పబోయాడు. నేను కళ్లతోనే ఆపాను.

వచ్చే వారం నుంచి క్లాసు సాయి తీసుకుంటాడట. జాక్సన్‌కి క్లయింట్ల పని ఎక్కువైపోయింది కదా, కాస్త రిలీఫ్ అన్నారు. నేను నవ్వాను. చప్పట్లు కూడా కొట్టాను. మొహం మాడిపోయిన సంగతి నాకు తెలుస్తూనే ఉంది.

డిసెంబర్ 3, బుధవారం

బేకరీలో పెద్ద మాటలే జరిగాయి. మొబైల్ షాపు వాడు మళ్లీ వచ్చాడు. జనవరి నుంచి బేకరీ చోటు తనకి అద్దెకి ఇచ్చేయమంటాడు. మామయ్య చాలాసేపు బట్టీ వైపే చూస్తూ కూర్చున్నారు.

అది ఇటుక బట్టీ. బన్నులకీ, పదో తారీఖుకి ముందొచ్చే టిన్నులకీ చిన్న గ్యాస్ ఓవెన్ వేరే ఉంది. మామయ్య పెళ్లికాక ముందు కట్టించుకున్నది. సరుగుడు కర్రతో కాగుతుంది. ఒకసారి చల్లారిందంటే మళ్లీ కాగడానికి రోజున్నర, బండెడు కర్ర. అందుకని వెనకటి రోజుల్లో పదో తారీఖు నుంచి క్రిస్మస్ ముందు రోజు దాకా దాన్ని ఆరనిచ్చేవారే కాదు. ఒక ఇంటి టిన్నులు బయటికొస్తుంటే ఇంకో ఇంటివి లోపలికి వెళ్లేవి. ఈ నాలుగేళ్లూ మధ్యలో ఆరిపోతోంది. జనం రెడీమేడ్ కేకులకి పడ్డారు.

మామయ్య తేల్చేశారు. అమ్మా, ఇంక నా వల్ల కాదు. ఈ యేడు పది నుంచి ఇరవై నాలుగు దాకా టిన్నులు పడి బట్టీ ఆరకుండా నడిచిందా, నువ్వే ఉంచుకో, నాను నోరెత్తను. ఒక్క రోజు ఆరిందా, ఆ అబ్బాయికి తాళం ఇచ్చేత్తాను అన్నారు. ఫ్లోరెన్స్ ఏడవలేదు. సరే నాన్నా అని వెళ్లి కర్ర లెక్క చూసుకుంది. ఆ బట్టీ పోతే తను ఏమైపోతుందో నాకు తెలుసు. వెంటనే నాకు వచ్చిన ఆలోచన మాత్రం ఇది: బట్టీ నిలబడితే నిలబెట్టినవాడు సాయి అవుతాడు.

ఛీ అనిపించింది. అనిపించి పోయింది.

డిసెంబర్ 6, శనివారం

ఈ రోజు బేకరీలో మూడు గంటలు నిలబడ్డాను. టిన్నులు అందిద్దామని వెళ్తే ఎవరికీ అవసరం పడలేదు. వచ్చిన ప్రతివాళ్లతో ఫ్లోరెన్స్ చెబుతోంది, మా తమ్ముడు రాసినాడండీ గూగుల్‌లో, మా తమ్ముడని. ఒకావిడ నన్ను చూపించి ఈయనేనా అంది. కాదు కాదు, ఈయన మా ఆయన అంది ఫ్లోరెన్స్.

మా ఆయన. అంతే. దానికి ముందూ వెనకా ఇంకే మాటా లేదు.

డిసెంబర్ 8, సోమవారం, మధ్యాహ్నం 12:50

వాడు క్లాసు చెప్పాడు. బాగా చెప్పాడు. అదే బాధ. టైటిల్ రాసేముందు ఒక గంట కౌంటర్ దగ్గర కూర్చోండి అన్నాడు. అందరూ రాసుకున్నారు. చివర్లో ఇదంతా బావ దగ్గరే నేర్చుకున్నాను అన్నాడు. అది మర్యాదో ఎత్తిపొడుపో తెలియక భోజనం దగ్గర చెయ్యి కదల్లేదు.

అదే రోజు, మధ్యాహ్నం 3:15

మార్చేశాను.

బేకరీ సైట్‌కి లాగిన్లు రెండే ఉన్నాయి, నాదీ సాయిదీ. నా లాగిన్‌తో వెళ్లి టైటిల్ మార్చాను. ‘వైజాగ్‌లో బెస్ట్ క్రిస్మస్ ప్లమ్ కేక్ | విజయరత్నం బేకరీ’. యాభై ఐదు అక్షరాలు. ముఖ్యమైన మాట ముందుంది, షాపు పేరు చివరుంది, టూల్‌లో వేలమంది వెతుకుతున్నారు. పుస్తకంలో పెట్టుకోదగ్గ టైటిల్.

టైటిల్ ఒకటి, పేజీలో హెడ్డింగ్ ఇంకొకటి ఉంటే గూగుల్ తనకి నచ్చింది చూపిస్తుంది. కాబట్టి హెడ్డింగ్ కూడా మార్చాను. త్వరగా వచ్చి చూసుకోమని గూగుల్‌కి రిక్వెస్ట్ కూడా పెట్టాను. చెడ్డపనైనా నేను చేస్తే శుభ్రంగానే ఉంటుంది.

ఇది టెస్ట్. రెండు టైటిళ్లలో ఏది నడుస్తుందో చూద్దామని. ఆఫీసులో రోజూ చేసేదే.

బేకరీలో ప్లమ్ కేక్ అమ్మరు.

డిసెంబర్ 10, బుధవారం

గూగుల్‌లో నా టైటిల్ వచ్చేసింది. బట్టీ ఈ రోజే ముట్టించారు. మామయ్య ప్రార్థన చేశారు. నేను కూడా కళ్లు మూసుకున్నాను.

డిసెంబర్ 12, శుక్రవారం

ఫోన్లు బాగా పెరిగాయి. పొద్దున్నుంచి ఆగకుండా మోగుతున్నాయి. ఫ్లోరెన్స్ గొంతు పోయింది. ఎంవీపీ కాలనీకి డెలివరీ ఉందా, అరకిలో ప్లమ్ కేక్ ఎంత, గుడ్డు లేనిది ఉంటుందా, మీద బాస్ పేరు రాస్తారా. లేదండీ, మేం అమ్మమండీ, మీ పిండి తెస్తే కాల్చి ఇస్తామండీ. అవతల ఫోన్ పెట్టేస్తున్నారు.

ఎన్ని ఫోన్లొచ్చాయో చూశావా అని అనబోయి మానుకున్నాను. ఏటో ఇది, ఒక్కరూ టిన్ను మాటెత్తట్లేదు అంటూ తను వేడినీళ్లు తాగుతోంది.

డిసెంబర్ 14, ఆదివారం

పది ఇళ్ల టిన్నులు రావలసిన రోజు రెండు ఇళ్లవే వచ్చాయి. మల్కాపురంలో వాళ్లందరూ ఎప్పుడూ ఇరవై తర్వాతే వస్తారు. ముందు వారం బట్టీ నడవాలంటే దూరం వాళ్లు రావాలి. దూరం వాళ్లకి గూగులే దారి.

చర్చి దగ్గర ఉక్కునగరం సెక్టార్ ఆరు నుంచి వచ్చిన ఒకావిడ ఫ్లోరెన్స్‌ని పట్టుకుంది. ఏటమ్మా, టిన్నులు కాల్సడం ఆపేసినారంట కదా, ఇప్పుడు మీరూ ప్లమ్ కేకులే అమ్ముతన్నారని గూగుల్‌లో సూసి మేం గాజువాకలో ఇచ్చేసినాం అంది. ఫ్లోరెన్స్ ఆవిణ్ణి తేరిపార చూసింది. నేను చల్లగా జారుకుని స్కూటర్ దగ్గర నిలబడ్డాను.

ఈ రోజే వెనక్కి మార్చేద్దామనుకున్నాను. లాప్‌టాప్ తెరిచాను. మారిస్తే వాడి లైనే మళ్లీ నా చేత్తో టైప్ చేయాలి. మూసేశాను.

డిసెంబర్ 15, సోమవారం, సాయంత్రం 6:30

ఫ్లోరెన్స్ కనిపెట్టింది. సగమే.

నేను ఆఫీసు నుంచి బేకరీకి వచ్చేసరికి గూగుల్ తెరిచి కూర్చుని ఉంది. ఇది సాయి మార్చి ఉంటాడు, సైట్ వాడి చేతిలోనే ఉంది కదా అంది. నా మొహం వైపు చూడనైనా చూడలేదు. నేను చేసి ఉండొచ్చని తనకి అనుమానం కూడా రాలేదు. సంతోషించాలో లేదో తెలియలేదు.

స్పీకర్ పెట్టి వాడికి ఫోన్ చేసింది. ఏటి తమ్ముడూ ఇలాగ సేసినావు, నాను నమ్మి ఇచ్చినాను కదా, రేపు మధ్యాహ్నానికి ఆఖరి టిన్నులైపోతాయి, ఎల్లుండికి ఒక్కటీ లేదు, బట్టీ ఆరిపోతాది, మా నాన్న తాళం ఇచ్చేత్తారు. ఒక్క గుక్కలో అంతా అనేసింది.

 అవతల నుంచి లాప్‌టాప్ తెరిచిన చప్పుడు వచ్చింది. ఎవరి లాగిన్‌తో, ఏ రోజు, ఎన్ని గంటలకి మారిందో హిస్టరీలో ఉంటుంది. నా పేరు నిలువెత్తున ఉంటుంది. నేను బన్నుల ట్రే పట్టుకుని నిలబడ్డాను.

సారీ అక్కా, నాదే తప్పు, ఏదో టెస్ట్ సేద్దారని మార్చినాను, ఇప్పుడే సరిసేసేత్తన్నాను అన్నాడు.

సరిచేశాడు కూడా. నేను ట్రే దించేలోపు.

డిసెంబర్ 16, మంగళవారం

సైట్ మారింది కానీ గూగుల్‌లో ఇంకా నాదే కనబడుతోంది. దానికి తొందరేముంది.

ఆఫీసులో వాడు నా వంక చూడలేదు, చూడకుండా కూడా లేడు. మామూలుగా ఉన్నాడు. టీ తాగుదామా బావా అన్నాడు. పని ఉందన్నాను. వాడు నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం ఆఖరి టిన్నులు దిగాయి. మామయ్య బట్టీ మూత వేయించి, నిప్పు కప్పి ఉంచమన్నారు. రేపు సాయంత్రం దాకా ఉంటాది వేడి, తర్వాత ఉండదు అన్నారు. మొబైల్ షాపు వాడికి ఎల్లుండి రమ్మని కబురు వెళ్లింది.

నాకొక ఉపాయం తోచింది. రేపు సెలవు పెడతాను. మైదా, గుడ్లు, వెన్న కొని నేనే పిండి కలిపి పట్టుకెళ్తాను. పది టిన్నులు పెడితే బట్టీ ఆరదు. నిలబెట్టినవాణ్ణి నేనవుతాను.

డిసెంబర్ 17, బుధవారం, మధ్యాహ్నం 2:00

పొద్దున్నే సామానంతా కొని స్కూటర్ మీద పెట్టుకుని బేకరీకి వెళ్లేసరికి తొమ్మిదిన్నర. షాపు ముందు ఒక టాటా మ్యాజిక్ ఆగి ఉంది. దాంట్లోంచి ఎనిమిది మంది ఆడవాళ్లు దిగుతున్నారు. తలో చేతిలో స్టీలు డబ్బా, మూతకి గుడ్డ కట్టి. అందరికంటే ముందు దిగింది చిలకమ్మ. సాయి తల్లి. వాడు ఆఖర్న దిగి డబ్బాలు అందుకుంటున్నాడు.

వాళ్లెవరూ పుట్టాక కేక్ చేసి ఎరగరు. వాడు ఫోన్‌లో ఏదో చూసి కొలతలు చెప్పాడట. పంచదార బదులు బెల్లం వేశారు. ఒకావిడ అరటిపళ్లు పిసికి కలిపింది. ఇంకొకావిడ డబ్బాలో ఉన్నది నాకైతే అరిసెల పాకంలా ఉంది. ఇవి ఉడుకుతాయా కాలుతాయా అని అడిగిందట చిలకమ్మ. ఫ్లోరెన్స్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. వారం రోజుల తర్వాత నవ్వింది.

చిలకమ్మ మామయ్య ముందు నిలబడి దణ్ణం పెట్టింది. బాబూ, మావోడు తెలివితక్కువ పని సేసి మీ పొయ్యికి సేటు తెచ్చినాడంట, రాత్రి బుద్ధి సెప్పినాను, మా ఊరోళ్లం మాకు సేతనైంది తెచ్చినాం, కాల్సండి అంది. రెండేళ్లుగా బట్టీ దగ్గరికి రాని మామయ్య లేచి, తెడ్డు తీసుకుని, మోకాలు నొక్కుకుంటూ డబ్బాలు తనే లోపలికి తోశారు.

సాయి తల దించుకుని నిలబడ్డాడు. తల్లి అందరి ముందూ అంటున్నంతసేపూ అలాగే ఉన్నాడు.

నా సంచి స్కూటర్ డిక్కీలోంచి తీయలేదు. ఎవరూ నన్ను ఎందుకొచ్చావని కూడా అడగలేదు. ఇంటికొచ్చి చూస్తే గుడ్లు ఏడు పగిలాయి. మిగతావి అట్టేసుకుని తిన్నాను.

బట్టీ ఆరలేదు.

డిసెంబర్ 18, గురువారం

పాత టైటిల్ గూగుల్‌లోకి వచ్చేసింది. సాయంత్రానికే పెందుర్తి నుంచి ఆరు టిన్నులు వచ్చాయి.

ఆనందపురం కేకులు ఫ్లోరెన్స్ రుచి చూపించింది. బెల్లం కేక్ బాగుంది. బాలేదన్నాను.

డిసెంబర్ 20, శనివారం

ఇల్లంతా, బేకరీ అంతా వాడి మాటే. ముందు టైటిల్ గురించి చెప్పుకునేవారు. ఇప్పుడు గుణం గురించి చెప్పుకుంటున్నారు. తప్పు చేస్తే ఎంతమంది ఒప్పుకుంటారు ఈ రోజుల్లో అంటారు మామయ్య. మారు మాట్లాడకుండా సారీ అక్కా అనేసినాడు, అలాంటోడు ఉంటాడేటి అంటుంది ఫ్లోరెన్స్. ఒప్పుకోవడమే కాదు, తల్లిని తీసుకొచ్చి సరిచేశాడు అంటారు మళ్లీ మామయ్య.

నాకు ఒళ్లు మండిపోతోంది. వాడు ఒప్పుకున్న తప్పు నాది!

డిసెంబర్ 21, ఆదివారం, మధ్యాహ్నం 4:00

చెప్పేశాను.

ఎలా చెప్పానో ఉన్నదున్నట్టు రాసుకోవాలి. రేపు నాకు నేనే గొప్పగా మార్చుకుంటానేమోనని భయం.

ఈ రోజు చర్చిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, ఫ్లోరెన్స్ లేచింది. బట్టీ ఆరకుండా కాపాడినందుకు దేవుడికి వందనాలంది. ఒక తమ్ముడు తన తప్పు తాను ఒప్పుకున్నాడు, వాడు మన సంఘస్థుడు కాదు, అయినా ఆ మనసు మనందరికీ ఉండాలి అంది. అందరూ ఆమెన్ అన్నారు. నా పక్కాయన మరీ గట్టిగా అన్నాడు. సరిగ్గా ఆ ఆమెన్ దగ్గరే నాకు ఇక ఆగలేదు.

ఇంటికొచ్చి, తను చీర కూడా మార్చుకోకముందే అన్నాను. ఆ టైటిల్ మార్చింది నేను. ఎనిమిదో తారీఖు మూడుంబావుకి. హిస్టరీలో నా పేరే ఉంటుంది. వాడు ఊరికే తన మీద వేసుకున్నాడు.

పశ్చాత్తాపపడి చెప్పానని తను అనుకోవచ్చు. కొంచెం ఉంది, లేదనను. కానీ నోరు తెరిపించింది అది కాదు. టైటిల్ వాడిదైంది, క్లాసు వాడిదైంది, బట్టీ నిలబెట్టిన పేరు వాడిదైంది. చివరికి నా తప్పు కూడా వాడిదైపోయి, దానికి చర్చి అంతా ఆమెన్ చెబుతుంటే చూడలేకపోయాను. అదొక్కటైనా నాది నాకు కావాలనిపించింది.

ఫ్లోరెన్స్ మంచం మీద కూర్చుంది. ఎందుకండీ అంది. కుళ్ళు అన్నాను. వాడి మీదా అంది. వాడి మీదే అన్నాను. బట్టీ పోతాదని తెలుసు కదా మీకు అంది. తెలుసన్నాను. లేచి బేకరీకి వెళ్లిపోయింది, ఆ చీరతోనే.

డిసెంబర్ 22, సోమవారం

మాట లేదు.

డిసెంబర్ 23, మంగళవారం

ఆఫీసులో సాయిని పక్కకి పిలిచి, ఫ్లోరెన్స్‌కి చెప్పేశానన్నాను. వాడి మొహం పాలిపోయింది. ఎందుకు సెప్పినావు బావా అన్నాడు. నాకర్థం కాలేదు. థాంక్స్ చెబుతాడనుకున్నాను.

ఇంట్లో మాట లేదు. కంచం పెడుతోంది, గ్లాసు పెడుతోంది. వంట ఎప్పటిలాగే ఉంది.

డిసెంబర్ 24, బుధవారం, సాయంత్రం 5:00

పదిహేను రోజులు బట్టీ ఆరలేదు. ఆఖరి టిన్నులు నాలుగింటికి దిగాయి. మామయ్య మొబైల్ షాపు వాడికి ఫోన్ చేసి, బాబూ నువ్వు ఏరే సోటు సూసుకో అన్నారు. తాళం ఫ్లోరెన్స్ చేతిలో పెట్టారు. నా సంగతి ఆయనకి ఇంకా తెలియదు. తను చెప్పలేదు.

షట్టర్ దించాక మూడు రోజుల్లో మొదటిసారి నాతో మాట్లాడింది. నాకేం చెప్పక్కర్లేదండీ, మీరు చెప్పారు, నాను విన్నాను, నా కోపం నాను చూసుకుంటాను అంది. కానీ ఆ చిలకమ్మ గారు, కొడుకు తప్పు చేశాడనుకుని ఊరందరి ముందూ తిట్టింది, పెద్దావిడ మా నాన్నకి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం మీరు పెట్టించింది. ఎళ్లి ఆవిడకి సెప్పి రండి. నాను రాను. ఒక్కరే ఎళ్లండి అంది.

డిసెంబర్ 27, శనివారం

ఆనందపురం వెళ్లాను. చిలకమ్మ ఇంటి ముందు పందిరి కింద బంతిపూలు గుచ్చుతోంది. నిలబడే చెప్పాను. టైటిలంటే ఏమిటో ఆవిడకి తెలియదు, షాపు బోర్డు లాంటిదనుకోండి, నేను రాత్రికి రాత్రి మార్చి మీవాడి మీదికి పోనిచ్చాను అన్నాను. రాత్రికి రాత్రి కాదు, పట్టపగలే అని మళ్లీ సరిదిద్దుకున్నాను.

ఆవిడ సూదీ దారం పక్కన పెట్టింది. లోపలున్న సాయిని కేకేసింది. ఒరే, సెయ్యని తప్పు ఎందుకొప్పుకున్నావురా, నా సేత నలుగురిలో తిట్లెందుకు తిన్నావు అంది.

వాడు గుమ్మంలో నిలబడి, నా వైపు చూడకుండా చెప్పాడు. అక్క దగ్గర బావ సిన్నబోతాడని అమ్మా.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ మంచినీళ్లిచ్చింది. బస్సులో సగం దూరం వచ్చేదాకా బాగానే ఉన్నాను. అప్పుడు తోచింది, ఆ మాట అనగలిగే మనసు నాకెందుకు లేకపోయిందా అని. కుళ్ళు మళ్లీ మొదలైంది.